కొలతలకు చెయ్యి చాచిన చిలుక

నా బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయాయని ఎముకల డాక్టరు చెప్పాక ఉద్యోగం మానేశాను. జంతువుల ఆసుపత్రిలో పట్టుకునేవాడికి బొటనవేలే పెట్టుబడి. డాక్టరు చూస్తారు, సూది వేస్తారు, కుట్లు వేస్తారు. ఆ కాసేపూ కుక్కో పిల్లో పక్షో కదలకుండా ఉండాలి. అలా ఉంచడానికి ఒక మనిషి కావాలి. అమీర్‌పేట నుంచి పంజగుట్ట వైపు వెళ్లే దారిలో, మెట్రో స్తంభాల వెనక సందులో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో చాలా ఏళ్లపాటు ఆ మనిషిని నేనే. మా పై అంతస్తులో కంప్యూటర్ కోర్సులు చెప్పేవారు. మెట్ల మీద నిలబడి పాఠాలు వల్లె వేసుకునే పిల్లలను దాటుకుంటూ కుక్కలు లోపలికి వచ్చేవి.

ఈమధ్య అక్కడ కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "సార్, చిలుక వస్తే ఎట్ల పట్టుకోవాలె?" అని అడిగారు. ఫోన్లో చెప్పేది కాదు కాబట్టి ఇది రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను. చిలుక పేరు కూడా రాయను. ఆ జాతి చిలుకలు ఇంచుమించు మనుషులంత కాలం బతుకుతాయి. ఎప్పుడైనా ఎదురుపడి, నా సంగతి ఊరంతా ఎందుకు చెప్పావని అడిగినా అడుగుతుంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆసుపత్రికి రాకముందు ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో తూకం దగ్గర కూర్చునేవాడిని. లెక్కలు అక్కడే, త్రాసు ముందు, నాకు నేనే నేర్చుకున్నాను. మనిషి కిలో తగ్గితే బెల్టు ఒక రంధ్రం లోపలికి జరుగుతుంది, అంతే. నాలుగు వందల గ్రాముల పక్షి నలభై గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. పక్షి తన రోగాన్ని దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించిన పక్షిని గద్ద ముందు ఏరుకుంటుంది కాబట్టి దాచుకోవడం దాని రక్తంలో ఉంది. కానీ తూకాన్ని దాచుకోలేదు. అందుకే పక్షి వస్తే నా చెయ్యి ముందు త్రాసు మీదికి పోయేది.

నాతో పాటు ఒక భాయ్ పనిచేసేవాడు. నాకన్నా ముందు చేరినవాడు, నాకన్నా రెండింతల మనిషి. ఎంతటి కుక్కనైనా చెవి వెనక గోకుతూ, దానితో ఉర్దూలో ఇంటి కష్టాలు చెప్పుకుంటూ బల్ల మీదికి ఎక్కించేవాడు. పక్షి వస్తే మాత్రం అతనికి ఏదో ఒక పని గుర్తొచ్చేది.

"కుక్క కరిచే ముందు నోటీసు ఇస్తది భాయ్," అనేవాడు నాతో. "గీ ముక్కోళ్లు అట్ల కాదు. సీదా యాక్షన్."

అది నిజం కాదు. చిలుక కూడా నోటీసు ఇస్తుంది. కంటిపాప చిన్నదై పెద్దదై మళ్లీ చిన్నదవుతుంది. ఈకలు ఒంటికి అతుక్కుపోయి పక్షి సన్నబడుతుంది. ఒక అడుగు వెనక్కి వేస్తుంది. చదవడం రానివాడికి మాత్రమే అది హఠాత్తుగా కరిచినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో నాకు చదవడం వచ్చు. చదివినదాన్ని లెక్కలోకి తీసుకోవడమే అలవాటు లేదు, ఎందుకంటే మా పద్ధతి వేరు.

మా పద్ధతి ఇది. పక్షి రాగానే గది తలుపు మూసేవాళ్లం. యజమానిని బయట కూర్చోబెట్టేవాళ్లం. పట్టుకునే ఆ చేదు జ్ఞాపకంలో తనవాళ్ల ముఖం ఉండకూడదని దాని వెనక ఆలోచన. లైటు తగ్గించి, తెల్ల తువ్వాలు వేసి, మెడ దగ్గర వేళ్లు బిగించి, ఛాతీ మీద ఏమాత్రం ఒత్తిడి లేకుండా ఎత్తేవాడిని. ఛాతీ సంగతి మరిచిపోకండి. మనకులాగ పక్షికి లోపల పొర లాగి ఊపిరి నింపే ఏర్పాటు లేదు. ఛాతీ ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి. అక్కడ నొక్కితే, నోరు తెరిచి ఉన్నా, ఊపిరి ఆడదు. ఈ జాగ్రత్తలన్నీ తెలుసు కాబట్టి మా పద్ధతి మంచిదనే అనుకునేవాళ్లం. "త్వరగా కానిచ్చేస్తే దానికే మేలు," అనేవారు మా డాక్టరు గారు. ఆవిడది భీమవరం వైపు. మేం మేడమ్ అనేవాళ్లం. చాలా పక్షుల విషయంలో ఆవిడ మాట నిజమే అయింది.

ఈ చిలుక విషయంలో కాలేదు.

అది బూడిద రంగు చిలుక, తోక మాత్రం ఎర్రన. దాన్ని తెచ్చినామె మధురానగర్‌లో జాకెట్లు కుట్టే అక్క. సిరిసిల్ల వైపు మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి మిషన్ పెట్టుకున్న మనిషి. బదిలీ మీద వేరే రాష్ట్రం వెళ్లిపోతున్న ఒక గిరాకీ కుటుంబం కాగితాలతో సహా చిలుకను ఆమెకు ఇచ్చి వెళ్లింది. అప్పటికి నాలుగేళ్లుగా దుకాణంలోనే ఉంటోంది కాబట్టి దానికి దుకాణం మాటలే వచ్చాయి. హాస్టల్ ఆడపిల్లల గొంతుతో "జాకెట్ అయిందా?" అని అడిగేది. వెంటనే అక్క గొంతుతో "రేపు రా" అని జవాబు కూడా తానే చెప్పుకునేది.

మొదటిసారి గోళ్లు కత్తిరించడానికి తెచ్చింది. అక్కను బయట కూర్చోబెట్టాం. నేను తువ్వాలు వేశాను. అది అరిచిన అరుపుకు పై అంతస్తులో పాఠం ఆగిపోయిందని తర్వాత చెప్పారు. రెండు గోళ్లు కత్తిరించేసరికి నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. ప్రతి ఊపిరికీ తోక కిందికీ పైకీ ఊగుతోంది. అది ప్రమాదపు గుర్తు.

"వదిలేయండి, వదిలేయండి," అన్నారు మేడమ్.

వదిలాను. పంజరం అడుగున మూలకు పోయి కూర్చుంది. అక్క లోపలికి వచ్చి పంజరం దగ్గర కూలబడింది.

"ఏం చేసిన్రన్నా దీన్ని? గిట్ల ఎన్నడు లేదు."

భాయ్ నీళ్లు తెచ్చి ఇచ్చాడు, చిలుకకు కాదు, ఆమెకు. చిలుక చాలాసేపటికి, అక్క గొంతుతోనే, సన్నగా "రేపు రా" అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత దానికి మేమంటే శత్రువులమే. తూకానికి తెస్తే త్రాసు ఎక్కలేదు. మోసుకొచ్చే పంజరపు బుట్ట బయటికి తీస్తేనే ఇంట్లో అరుస్తోందని అక్క చెప్పింది. ఇక అవసరం పడితేనే తెమ్మని మేడమ్ అన్నారు.

ఆ అవసరం ఒక వేసవిలో వచ్చింది. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "కాలికి దారం చుట్టుకున్నదన్నా. నేను చూసేసరికి లోపటికి పోయింది. కాలు ఉబ్బింది."

తెచ్చింది. పంజరం తెరవకుండానే మేడమ్ టార్చి వేసి, వంగి, కూర్చుని, మళ్లీ వంగి చూశారు. కుట్టుమిషన్ మీద వాడే సన్నటి పాలిస్టర్ దారం. ఎప్పుడు చుట్టుకుందో తెలియదు. కుడికాలి పాదానికి కాస్త పైన చర్మంలోకి దిగిపోయి ఉంది. దాని కింద పాదం ఉబ్బింది, ఒక వేలి చివర నల్లబడుతోంది. చిలుక ఆ కాలిని నేలకు ఆనించకుండా ఎత్తి పట్టుకుంది.

మేడమ్ మమ్మల్ని పక్క గదిలోకి పిలిచారు. తలుపు పూర్తిగా పడలేదు కాబట్టి అక్కకు అంతా వినబడింది.

"ఎల్లుండి దాటితే ఆ కాలు నిలవదు. పట్టుకుని తీద్దామంటే, కిందటిసారి చూశారుగా, చేతుల్లోనే పోతుంది. ఇప్పుడు ఇంకా చిక్కింది కూడా."

పక్షులకు మత్తు గ్యాసు ఇచ్చే యంత్రం మా దగ్గర లేదు. ఉన్నచోట ఆ పని తెలిసిన డాక్టరు ఊళ్లో లేరు, వచ్చేసరికి నాలుగు రోజులు. మత్తు సూది వేద్దామంటే ఈ స్థితిలో అది తట్టుకుంటుందన్న నమ్మకం మేడమ్‌కు లేదు. నొప్పి తగ్గే మందు మాత్రం ఇవ్వచ్చు, దానికీ సరైన తూకం కావాలి. అది మా త్రాసు ఎక్కదు.

"సాయంత్రం మీరు త్రాసు పట్టుకుని వాళ్ల దుకాణానికి వెళ్లండి. అక్కడైతే ఎక్కుతుందేమో," అన్నారు నాతో.

మేం బయటికి వచ్చేసరికి అక్క పంజరం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. "కాలు తీసేస్తే బతుకుతదా మేడమ్?" అని అడిగింది. మేడమ్ మళ్లీ టార్చి వేసి ఆ పాదం చూశారు.

సాయంత్రం వెళ్లాను. దుకాణమంటే ఒక్క గది. గోడకు అద్దం, రెండు మిషన్లు, తాళ్ల మీద వేలాడే జాకెట్లు. అద్దం పక్కన నిలబెట్టిన కర్ర స్టాండు మీద చిలుక. ఒక హాస్టల్ అమ్మాయి కొలతలు ఇస్తోంది. ముగిసేదాకా ఆగుదామని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సీదా నిలబడు బిడ్డా. నడుము వంచకు," అంటూ అక్క టేపు పెట్టి అంకెలు పైకి చదువుతోంది. "భుజం పదమూడున్నర. ఛాతీ ముప్పై రెండు. ఆఁ, చెయ్యి లేపు. చెయ్యి లూజు పది." మిషన్ మీద ఉన్న ఆమె భర్త తల ఎత్తకుండా అంకెలు రాసుకుంటున్నాడు. అమ్మాయి జాకెట్ ఎప్పుడిస్తారని అడిగింది. అక్క నోరు తెరిచేలోగా చిలుక "రేపు రా" అంది. అమ్మాయి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు జరిగింది నేను రాయదలుచుకున్న సంగతి. చిలుక కర్ర మీద రెండుసార్లు అటూ ఇటూ జరిగింది. తర్వాత ఆ ఉబ్బిన కాలినే ముందుకు చాచింది. అక్క అలవాటుగా, చూడకుండానే, టేపు దాని పాదం చుట్టూ తిప్పింది. "చెయ్యి లూజు," అని అంకె చూసి ఆగిపోయింది. పాపం, ఆ అంకె ఎంత పెరిగిందో ఆమెకు తెలుసు. ఒక గుమ్మడి గింజ ఇచ్చింది. చిలుక ఆ గింజను ముక్కుతో అందుకుంది, కాలు ఇంకా టేపులోనే ఉంది.

ముగ్గురం కలిసి పట్టలేకపోయిన కాలు అది.

"అక్కా, గిది ఎప్పటి సంది చేస్తుంది?"

"ఏది?"

"గా కాలు ఇచ్చుడు."

"కాలు కాదన్నా, చెయ్యి. దానికి అదే చెయ్యి గద, దాంతోనే తింటది." ఆమె టేపు తీసి మెడలో వేసుకుంది. "గిరాకోళ్లకు కొలతలు తీసి దానికి తియ్యకపోతే లొల్లి పెడ్తది. వచ్చినప్పటి సంది గదే పని. అందరికైనంక దానికి."

"మరి గీ ముచ్చట మాకు చెప్పలేదేంది?"

"ఎప్పుడు చెప్పాలె? మీరు నన్ను బయట కూసోబెడ్తిరి."

ఆమె దెప్పిపొడవలేదు. జరిగింది చెప్పింది. నేను త్రాసును మిషన్ బల్ల మీద పెట్టి, ఆమెను టేపు దాని పళ్లెంలో వెయ్యమన్నాను. చిలుక కర్ర దిగి, టేపు కోసం త్రాసు ఎక్కింది. టేపు బరువు తీసేస్తే మూడు వందల ఎనభై ఎనిమిది గ్రాములు. పాత యజమానులు ఇచ్చిన కాగితంలో నాలుగు వందల ముప్పై ఉంది. మందు లెక్క కోసం ఆ అంకెతో మేడమ్‌కు అక్కడి నుంచే ఫోన్ చేశాను, ఎంత ఇవ్వాలో ఆవిడ చెప్పారు. టేపు సంగతి కూడా చెప్పాను. మీరు ఇక్కడికి వచ్చి కత్తిరించేస్తే ఎలా ఉంటుందని అడిగాను.

"అక్కడ రక్తం ఆగకపోతే? ఆక్సిజన్ లేదు, వెలుతురు లేదు," అన్నారు. అంతలో ఆవిడే అడిగారు: "కొలతలప్పుడు అది ఏం చూస్తుంది? మొదటి నుంచి చెప్పండి. ఏదీ వదలొద్దు."

చెప్పాను. అద్దం, కర్ర, టేపు. ముందు ఒక మనిషి నిలబడాలి. అక్క అంకెలు పైకి చదవాలి. ఎవరో ఒకరు రాసుకోవాలి. ఆ మనిషి పని అయ్యాక దాని వంతు.

"అయితే అవన్నీ ఇక్కడికి తెండి రేపు. కస్టమర్‌ని కూడా."

కస్టమర్‌గా ఎవరు నిలబడతారన్నది పొద్దున పెద్ద చర్చ అయింది. నేను రాసుకోవాలి. మేడమ్ పనిముట్లతో ఉండాలి. మిగిలింది భాయ్.

"నేనా? జాకెట్‌కా?" అన్నాడు. "నా పెళ్లికే కొలతలు ఇయ్యలేదు, రెడీమేడ్ కొన్న."

"జాకెట్ కాదు భాయ్, ఒట్టి కొలతలే," అన్నాను.

"గది మా బేగంకు చెప్పు, నాకు కాదు."

మధ్యాహ్నం భోజనాల వేళ ఆసుపత్రి మూసి ఉండే సమయం ఎంచుకున్నాం. లోపలి గదిలో అక్క వాళ్ల కర్ర స్టాండు పెట్టాం. చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దాన్ని విప్పి గోడకు ఆనించాం. మేడమ్ తెల్ల కోటు విప్పేసి ఎత్తు తక్కువ స్టూలు మీద అక్క పక్కన, గిరాకీలాగ కూర్చున్నారు. ఆక్సిజన్ గొట్టం చేతికి అందేంత దూరంలో ఉంది. పని జరిగేటప్పుడు అక్క ఆ గదిలో, తలుపుకు లోపలి వైపు, నిలబడడం అదే మొదటిసారి.

చిలుక బుట్టలోంచి వచ్చి కర్ర ఎక్కింది కానీ ఈకలు ఒంటికి అంటుకుపోయి పుల్లలా ఉంది. చూపంతా నా మీదే. నేను కనబడకుండా భాయ్ వెనక నిలబడ్డాను. అతని వెనక ఎవరైనా దాక్కోవచ్చు.

"చెయ్యి లేపు భాయ్. కడుపు లోపటికి గుంజకు. ఊపిరి మామూలుగ తియ్యి."

"గుంజకపోతే టేపు చాలదక్కా."

"చాలకపోతే ఇంకో టేపు కలుపుత. కదలకు. ఛాతీ నలభై ఆరు."

భాయ్ తల వెనక్కి తిప్పి నా చెవిలో, "నలభై రెండు రాయి," అన్నాడు. జీవితంలో అంకె తప్పు రాసిన మనిషిని కాను. కానీ అతను ఆ పూట మా కోసం నిలబడ్డాడు. నలభై రెండు రాశాను.

రెండుసార్లు కొలతలయ్యాయి. రెండోసారికి చిలుక ఈకలు కొంచెం వదులయ్యాయి. మెడ సాచి టేపు వైపు చూసింది. అక్క టేపు దాని ముందుకు తెచ్చి, "చెయ్యి," అంది. చిలుక కాలు చాచింది. టేపు చుట్టుకుంది. మేడమ్ చిన్న పట్టకారు మొన దారానికి తాకించారు.

చిలుక కాలు వెనక్కి లాక్కుంది. నోరు తెరిచింది. కంటిపాప చుక్కంత అయింది. "రేపు రా," అంది.

నా చేతుల్లో, వెనక, తువ్వాలు ఉంది. తెమ్మని ఎవరూ చెప్పలేదు. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నాను. మేడమ్ నా వైపు చూశారు. ఒక్క తల ఊపు చాలు, నేను వేసేవాడిని. చిలుక అడుగు దూరంలో ఉంది, ఒక నిమిషం పని. నేను దాని తోక చూస్తూ లెక్కపెడుతున్నాను. గదిలోకి వచ్చినప్పటికన్నా ఊపిరి చాలా వేగంగా ఉంది.

"ఊపిరి పెరిగింది మేడమ్," అన్నాను.

"ఒక్క నిమిషం మేడమ్, కానిచ్చేద్దాం," అన్నాడు భాయ్ మెల్లగా.

మేడమ్ పట్టకారు పక్కన పెట్టారు. అక్కను టేపుతో మళ్లీ అడగమన్నారు. చిలుక ఇయ్యనా వద్దా అన్నట్టు కాసేపు ఊగి, ఇచ్చింది. మేడమ్ ఈసారి వట్టి వేలితో ఆ పాదాన్ని తాకి తీసేశారు.

"వెచ్చగానే ఉంది. ఇంకా రక్తం ఆడుతోంది. రేపు పొద్దున దాకా టైముంది మనకి." అక్క వైపు తిరిగి మొన లేని ఒక పట్టకారు ఇచ్చారు. "ఇవాళ ఇంట్లో టేపుతో పాటు దీన్నీ చూపించండి. తాకించి తీసేయండి, గింజ పెట్టండి. అది లాక్కుంటే వదిలేయండి. ఎన్నిసార్లయినా సరే."

అక్క టేపు మడిచి, పట్టకారును కొంగున ముడి వేసుకుని, బుట్ట తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అందరి ఆలోచనా ఒక్కటే. తెల్లారేసరికి ఆ పాదం చల్లబడిపోతే, చేతికందిన కాలిని వదిలేసి పంపిన తప్పు మాదే అవుతుంది. ఏ పుస్తకమూ మమ్మల్ని కాపాడదు. టీ తాగుతున్నప్పుడు భాయ్ అన్నాడు, "చిలుక చెప్తే డాక్టర్ ఇనుడు నేనెన్నడు చూడలే." తర్వాత, "మంచిగనే ఉన్నది, కానీ జర భయమైతుంది," అని గ్లాసు కింద పెట్టాడు.

మరునాడు ఆసుపత్రి తెరవకముందే అందరం వచ్చాం. భాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని వచ్చాడు. అడిగితే, గిరాకీ అన్నాక గిరాకీలాగే ఉండాలన్నాడు. అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ముప్పై నలభై సార్లు తాకించిన. రెండు డబ్బాల గింజలు ఒడిసినయ్," అంది. నేను తువ్వాలును బీరువాలో పెట్టి వచ్చాను.

అక్క భాయ్ కొలతలు ఒక్కసారే తీసింది. రెండోసారికి చిలుక ఆగలేదు. అతను పక్కకు జరగకముందే కాలు చాచింది.

"చెయ్యి లూజు రెండున్నర," అంది అక్క. మేడమ్ పట్టకారుతో దారాన్ని లేపారు. చిలుక చూసింది. లాక్కోలేదు. అక్క గింజ ఇచ్చింది. మేడమ్ చెయ్యి తీసేశారు. మళ్లీ టేపు, మళ్లీ లేపడం, ఈసారి కత్తెర మొన. ఒక పోగు తెగింది. మళ్లీ చెయ్యి తీసేశారు. అలా కొంచెం చేసి ఆగడం, కొంచెం చేసి ఆగడం. మధ్యలో ఒకసారి చిలుక కాలు లాక్కుని కర్ర చివరికి పోయింది. ఎవరం కదల్లేదు. భాయ్ తనంతట తానే చేతులు లేపి అద్దం ముందు నిలబడ్డాడు. అక్క మళ్లీ అతని భుజం కొలిచింది. చిలుక మళ్లీ వచ్చింది.

చివరి పోగు బాగా లోపల ఉంది. అది నొప్పి పెడుతుందని మేడమ్ ముందే చెప్పారు. అక్క అంకెలు చదువుతూనే ఉంది. కొలిచేది ఏదీ లేదు, నోటికొచ్చిన అంకెలే. "మెడ ఆరున్నర. చంక పద్నాలుగు. పొడుగు పదిహేను." ఎక్కడా అంకె ఆగలేదు. నేను అన్నీ రాశాను, రాయడం ఆగితే చిలుక గమనిస్తుందేమోనని. దారం తెగి, పట్టకారు చివర తడిగా, చిన్నగా బయటికి వచ్చింది. ఒక రక్తపు చుక్క లేచింది. మేడమ్ దూదితో అద్దారు. చిలుక కాలు తన దగ్గరకు తీసుకుని, దాన్ని ఒకవైపు నుంచి, మళ్లీ రెండో వైపు నుంచి చూసుకుంది.

"జాకెట్ అయిందా?" అంది.

"అయింది తల్లీ," అన్నాడు భాయ్. అతని చేతులు ఇంకా పైకే ఉన్నాయి.

కాలు నిలిచింది. నల్లబడిన వేలు చివర, గోరుతో సహా, కొన్ని వారాలకు ఎండి రాలిపోయింది. మిగతా వేళ్లతో కర్రను మామూలుగానే పట్టుకుంటుంది. దుకాణంలో దారపు ముక్కలు ఎప్పటికప్పుడు ఊడ్చి మూత డబ్బాలో వెయ్యడం మొదలైంది. ఆ పని అక్క భర్త చేస్తాడు, అంకెలు రాసుకున్నంత నిశ్శబ్దంగా.

ఆసుపత్రిలో ఒక్క వస్తువే కొత్తగా చేరింది. లోపలి గదిలో యజమాని కోసం ఒక కుర్చీ. ఎవరు పక్షిని తెచ్చినా, అది ఇంట్లో ఏం ఆటలాడుతుంది, ఎవరి చేతి మీద దిగుతుంది అని మేడమ్ ముందు అడుగుతారు. తువ్వాలు పోలేదు. రక్తం కారుతూ వచ్చిన పక్షికి కొలతల ఆట ఆడుతూ కూర్చోలేం. అలాంటప్పుడు తువ్వాలు వేసి త్వరగా కానిచ్చేవాళ్లం. అందరి దగ్గరా టేపు లాంటి తాళంచెవి ఉండదు కూడా. సోమాజిగూడ నుంచి వచ్చే ఒక కాకటీల్, అంటే తల మీద జుట్టున్న చిన్న చిలుక, ఏ ఆటకూ లొంగలేదు. దాన్ని చివరిదాకా తువ్వాలుతోనే పట్టాను. కాకపోతే తువ్వాలును ముందు వారం రోజులు దాని ఇంట్లో ఉంచి, దాని మీదే గింజలు తినిపించమనేవాళ్లం. అరుపు సగం తగ్గింది. సగం అయినా సగమే కదా అని నేను సంతోషించేవాడిని.

భాయ్ సంగతి మిగిలింది. కొలతలు తీసుకున్నాక కుట్టకపోతే తన చేతికి బాగుండదని అక్క అతనికి ఒక కుర్తా కుట్టి తెచ్చింది, రాసుకున్న కాగితం చూసి. అది అతని తలలోంచి దిగి ఛాతీ దగ్గర ఆగిపోయింది. చేతులు పైకి ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. మేడమ్, నేను చెరో వైపు పట్టి లాగితే గానీ బయటికి రాలేదు.

"నలభై ఆరు అని చదివిన గదన్నా," అంది అక్క నాతో.

భాయ్ పైకప్పు వైపు చూశాడు. "చిలుకే తప్పు చదివి ఉంటదక్కా," అన్నాను. ఆమె కుర్తాను మళ్లీ తీసుకెళ్లి, పక్కల్లో గుడ్డ అతికించి తెచ్చింది. పండగకు అదే వేసుకున్నాడు.

నేను ఉద్యోగం మానేసే రోజున చివరిగా వచ్చింది ఆ చిలుకే. గోళ్లు పెరిగాయి. ఏ పని మొదటిసారి రెండు గోళ్లతో ఆగిపోయిందో ఆ పనికే. భాయ్ అద్దం ముందు నిలబడనక్కర్లేదు ఇప్పుడు. టేపు చాలు. అది ఒక్కో కాలూ చాచింది, మేడమ్ ఒక్కో గోరూ కత్తిరించారు. నా బొటనవేళ్లతో పని పడలేదు. నేను త్రాసు పెట్టాను. నాలుగు వందల ముప్పై ఆరు. అంకె గట్టిగా చదివాను. అక్క ఆ అంకెను మళ్లీ ఒకసారి చదవమంది.

వెళ్లేటప్పుడు బుట్ట తలుపు దగ్గర వంగి, రేపటి నుంచి నేనిక్కడ ఉండనని చెప్పాను. మనుషులకు చెప్పినట్టే చెప్పాను. అది ఒక కన్నుతో నా చేతులు చూసింది. వాటిలో ఏమీ లేదు.

"రేపు రా," అంది.

ఒకసారి ఆ మాట విని, ఆగి, బాగుపడ్డవాళ్లం మేము. మరునాడు పొద్దున్నే స్నానం చేసి, మధురానగర్‌లో అక్క దుకాణానికి వెళ్లాను.